సీలు తీయని ఫోన్లు

మా ఆఫీసుకు కొత్త వస్తువు ఏది వచ్చినా దానికి జరిగే మొదటి మర్యాద, ఎవరూ వాడకుండా లోపల పెట్టి తాళం వేయడం. కుర్చీలు వస్తే వాటి ప్లాస్టిక్ కవర్లు ఏళ్ల తరబడి అలాగే ఉండేవి. ఎండాకాలం వాటి మీద కూర్చుని లేస్తే చొక్కా వీపుకు అంటుకుని వచ్చేది. అయినా ఆ కవరు చింపే ధైర్యం మాలో ఎవరికీ లేదు. మా స్టోర్‌కీపర్ సారు ఎప్పుడు ఏ గదిలోకి వస్తారో తెలియదు. బెల్టుకు వేలాడే తాళాల గుత్తి చప్పుడు వినపడేసరికి అందరం కవరు మీదే బుద్ధిగా సర్దుకునేవాళ్లం.

మెదక్‌లోని ఆ ఆఫీసులో నేను యంత్రాలు చూసే మనిషిని. టైపు మిషన్లకు రిబ్బన్లు మార్చడంతో మొదలుపెట్టి, కంప్యూటర్లు, ప్రింటర్లు దాటుకుని, చివరికి స్మార్ట్‌ఫోన్ల దాకా వచ్చి రిటైరయ్యాను. ఊళ్లలో మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రాలకు కావలసిన సామాను అందించడం మా ఆఫీసు పని. కాంటాలు, తేమ చూసే మిషన్లు, గోనె సంచులు, వడ్ల మీద కప్పే పరదాలు, ఆ తర్వాత కేంద్రానికొక ఫోన్.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటి వాళ్లు ఎక్కడ కనపడినా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఫోన్ మంచిగనే ఉంది. అప్‌డేట్లే వస్తలేవు. ఎందుకు?" జవాబు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. అది నాకు అప్పటికే తెలుసు కూడా. కానీ ఆ రెండు ముక్కలు ఎదుటి మనిషికి ఎంత బరువుగా ఉంటాయో మాత్రం ఒక యాసంగిలో, అంటే ఎండాకాలం వరి కోతలప్పుడు, ఎల్దుర్తి దిక్కు ఒక ఊళ్లో చూశాను. అందుకని కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టండి.

ముందు స్టోర్‌కీపర్ సారు గురించి చెప్పాలి. ఆయన్ని చూసి మేం నవ్వుకునేవాళ్లం గానీ, నిజానికి ఆ ఆఫీసులో అంత నిజాయితీ గల మనిషి ఇంకొకరు లేరు. కార్బన్ కాగితం ముక్క కూడా ఇంటికి తీసుకుపోయి ఎరగరు. సామాను కావాలని రాసిచ్చే చీటీ, అంటే ఇండెంట్, లేకుండా గుండుసూది బయటికి రానిచ్చేవారు కాదు. ఒకసారి టీ తాగుతూ, చిన్నప్పుడు కొత్త చెప్పులు కొనిస్తే వాటిని చేతిలో పట్టుకుని బడి దాకా నడిచి, గేటు దగ్గర తొడుక్కునేవాణ్నని చెప్పారు. "అరిగిపోతయని భయం" అన్నారు. పాదాలకు ముళ్లు గుచ్చుకోలేదా సార్ అంటే, "పాదం మల్ల మానుతది గదనయ్యా" అన్నారు. ఆ మాట విన్నాక ఆయన్ని చూసి నవ్వడం నేను కొంత తగ్గించాను. పూర్తిగా మానలేదు లెండి.

ఫోన్లు వచ్చినప్పుడు ఆయన తన పద్ధతే పాటించారు. వచ్చిన వాటిలో సగాన్ని కేంద్రాలకు పంచారు. మిగతా సగం, పెట్టెల మీద సీలు అలాగే ఉంచి, ఇనుప బీరువాలో పెట్టారు. "గవి ఖరాబైతే గివి" అనేది ఆయన లెక్క. పెట్టెల మధ్య కలరా ఉండలు కూడా వేశారు. బట్టలకు పట్టే పురుగు ఫోన్లకు పట్టదు సార్ అన్నాను. "ఉంటె నష్టమేంది?" అన్నారు. అప్పుడప్పుడూ బీరువా తెరిచి, పెట్టెల మీద దుమ్ము తుడిచి, మళ్లీ మూసేవారు. అలా కొన్నేళ్లు గడిచాయి. కేంద్రాల్లో పగిలినవి, నీళ్లలో పడ్డవి పోగా, వాటి చోట ఎప్పటికప్పుడు పై ఆఫీసు నుంచి కొత్త ఫోన్లు వచ్చాయి. బీరువాలోవి మాత్రం కదల్లేదు. వాటికింకా సమయం రాలేదని సారు నమ్మకం.

సమయం ఆ యాసంగిలో వచ్చింది. కొనుగోళ్లు ముమ్మరంగా సాగుతుండగా, పాత యాప్ ఆపేసి కొత్తది వాడమని పై నుంచి మాట వచ్చింది. రైతు వివరాలు అందులో ఎక్కించాలి. రైతు ఫోన్‌కు మెసేజ్ రావాలి. ఆ తర్వాతే కాంటా, అంటే తూకం. మెసేజ్ రాకుండా ఒక్క సంచి కూడా తూచడానికి వీల్లేదు. అన్ని కేంద్రాల్లో యాప్ ఎక్కింది. ఒక్క ఊళ్లో ఎక్కలేదు.

ఆ ఊరి కేంద్రం నడిపే ఆవిడ పొద్దున్నే నాకు ఫోన్ చేసింది. "సార్, గీ ఫోన్‌కు గా యాప్ సరిపోదని వస్తున్నది. ఏం జేసినా అదే మాట. ఈడ మస్తు మంది ఉన్నరు. మొగులు గూడ ముసురుకొస్తున్నది."

ఆమె దగ్గర ఉన్నది మేం మొదట్లో ఇచ్చిన ఫోన్. అందరూ పగలగొట్టుకున్నారు, ఆమె పగలగొట్టలేదు. గుడ్డ సంచీలో పెట్టి, పని కాగానే తుడిచి, పిల్లల చేతికి అందకుండా కాపాడింది. అంత జాగ్రత్తగా చూసుకున్నందుకే ఆమె కేంద్రం ఆగిపోయింది. ఇలాంటివి చూసినప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియదు.

స్టోర్‌కీపర్ సారుకు చెప్పాను. ఆయన ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను. ఇన్నేళ్లుగా మేం చాటున నవ్విన నవ్వులన్నింటికీ ఆ రోజు జవాబు దొరికినట్టే. బీరువా తెరిచి, ఒక పెట్టె తీసి, రెండు చేతులతో పట్టుకుని వచ్చారు. పెట్టె నుంచి కలరా ఉండల వాసన గుప్పుమంది.

"ఒకసారి ఇక్కడే తెరిచి చూసిపోదాం సార్" అన్నాను. నాకు లోపల అనుమానంగానే ఉంది.

"ఈడ సీలు తీస్తే ఎట్లనయ్యా? తీసుకునేటోళ్ల ముందల్నే తియ్యాలె. రేపు ఎవలన్న వాడిన ఫోన్ ఇచ్చిండ్రంటె?"

అది మా ఆఫీసు రివాజు. కాంటా ఇచ్చినా, తేమ మిషన్ ఇచ్చినా, సీలు ఊళ్లో పదిమంది ముందే విప్పాలి. ఎప్పుడో ఎవరో వేసిన నింద నుంచి పుట్టిన రివాజు అది. దాన్ని ఆయన ఎన్నడూ తప్పలేదు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. కొత్త ఫోన్ కదా, పని చేస్తుందేమో అనే ఆశ నాకూ ఉంది. నా బండి మీద ఇద్దరం బయలుదేరాం. మెదక్ దాటేసరికి ఖిల్లా మీద మబ్బు నల్లగా కూర్చుంది.

కేంద్రం బడి పక్క మైదానంలో ఉంది. వరసగా వడ్ల కుప్పలు. మొదటి కుప్ప పక్కన ఒకామె నిలబడి ఉంది. వయసు యాభై దాకా ఉంటుంది. కౌలుకు భూమి పట్టి సాగు చేస్తుంది. రోజుల తరబడి వడ్లు ఎండలో నెరిపి, కాళ్లతో తిరగేసి, చివరికి ఆ పొద్దున తేమ సరిపోయిందని అనిపించుకుంది. ఆ రోజు మొదటి కాంటా ఆమెదే.

"సారూ, ఫోన్ తెచ్చిండ్రా?" అని ఎదురొచ్చింది. "పోయిన యాసంగిల నా వడ్లు తడిసి మొలకలొచ్చినయ్. ఈసారి గుడ గట్లయితె భూమి వేరేటోళ్లకు ఇస్తనని పటేల్ చెప్పిండు. జర జల్ది చెయ్యుండ్రి."

"కొత్త ఫోనే తెచ్చినం తల్లీ, పరేషాన్ గాకు" అన్నారు స్టోర్‌కీపర్ సారు.

అందరూ చుట్టూ మూగారు. ఆయన జేబులోంచి బ్లేడు తీసి, పెట్టె సీలును మెల్లగా కోశారు. ఫోన్ మీద ఉన్న పలచటి ప్లాస్టిక్ పొరను చింపకుండా ఒలిచి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. బ్యాటరీ ఎప్పుడో ఖాళీ అయిపోయింది. బడి వరండాలో చార్జింగ్ పెట్టి కాచుకున్నాం.  కౌలు రైతు మబ్బు వైపు ఒకసారి, ఫోన్ వైపు ఒకసారి చూస్తోంది. కాసేపటికి ఫోన్ వెలిగి, సన్నగా ఒక పాట వినిపించింది. అందరూ నవ్వారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. ఫోన్‌లో కనిపించిన తారీఖు మాత్రం ఏనాటిదో.

యాప్ ఎక్కించబోయాను. ఈ ఫోన్‌కు ఇది సరిపోదని వచ్చింది. ఫోన్ సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ ఏమైనా ఉందేమోనని వెతికాను. మీ ఫోన్‌లో ఉన్నదే అన్నిటికంటే కొత్తది, ఇంకేమీ లేదు అని వచ్చింది.

భుజం మీది నుంచి తొంగి చూస్తున్న స్టోర్‌కీపర్ సారు దాన్ని చదివారు. "ఔ మల్ల! అదే చెప్తున్నది గదా, అన్నిటికన్న కొత్తదని! ఇంకేం గావాలె దానికి?"

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. ఆయన గొంతులో ఉన్నది కోపం కాదు, బతిమాలడం.

"దానికి తెలిసినంతల అదే కొత్తది సార్. దీనికి అప్‌డేట్లు ఇచ్చుడు కంపెనీ ఎప్పుడో బంద్ పెట్టింది. అందుకే ఇంకేం లేదంటున్నది."

"సీలు ఇప్పుడే తీసినం గదనయ్యా. ఒక్కనాడన్న వాడలే."

"వాడినమా లేదా అని చూడరు సార్. గా మోడల్ బయటికొచ్చిన నాటి నుంచి లెక్క పెడతరు. బీరువాల ఉన్నా లెక్క నడుస్తనే ఉంటది."

మీకు కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఫోన్ మీద ఒక్క కంపెనీ పేరే ఉంటుంది గానీ, దాని వెనుక చాలామంది ఉంటారు. లోపలి చిప్పు ఒకరిది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఇంకొకరిది. ఆ సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చినప్పుడల్లా దాన్ని ప్రతి మోడల్‌కు దర్జీ కొలతలు తీసి కుట్టినట్టు విడిగా సరిచేయాలి, పరీక్షించాలి. దానికి మనుషులు కావాలి. చిప్పు చేసినవాళ్లు పాత చిప్పుకు కావలసిన కోడ్ ఇవ్వడం మానేస్తే, ఫోన్ కంపెనీకి చెయ్యి ఆడదు. చిప్పువాళ్లు ఇచ్చినా, అమ్ముడైపోయిన మోడల్ కోసం మనుషుల్ని కూర్చోబెట్టడం కంటే కొత్త మోడల్ అమ్ముకోవడమే కంపెనీకి లాభం. కొన్నిసార్లు కొత్త సాఫ్ట్‌వేర్ బరువును పాత ఫోన్ నిజంగానే మోయలేదు. చాలాసార్లు మోయగలదు, మోయించేవాళ్లే ఉండరు. అప్‌డేట్లు ఆగాక దొంగలు దూరే సందులు కూడా పూడవు. అందుకని కొత్త యాప్‌లు అలాంటి ఫోన్‌లోకి అడుగు పెట్టనంటాయి.

అక్కడ ఇంత చెప్పలేదు. ఇందులో సగం చెప్పానేమో. స్టోర్‌కీపర్ సారు చేతిలోని ఫోన్‌ను తిప్పి వెనక వైపు చూశారు. గీత కూడా పడలేదు.

"అంటె గిది బీరువాలనే ముసలిదైందా?"

"ఫోన్‌కు ఏం గాలేదు సార్. దాన్ని అర్సుకునేటోళ్లు, మంచిచెడ్డ జూసేటోళ్లు లేకుంట పోయిండ్రు. అంతే."

కేంద్రం నడిపే ఆవిడ తన సొంత ఫోన్ ఇచ్చింది. గాజు పగిలింది. అంచుల్లో పిండి ఇరుక్కుని ఉంది. వంట చేస్తూ దానిలో మాట్లాడుతుందని చూస్తేనే తెలుస్తోంది. కానీ ఆ మోడల్ వచ్చి ఎక్కువ కాలం కాలేదు. యాప్ తడబడకుండా ఎక్కింది. స్టోర్‌కీపర్ సారు దానివైపు ఎలా చూశారంటే, నాకు ముఖం పక్కకు తిప్పుకోవాలనిపించింది.

అయితే సొంత ఫోన్ వాడాలంటే దాని నంబరును పై ఆఫీసువాళ్లు ఒప్పుకోవాలి. సారే మాట్లాడారు. జిమ్మేదారి నాది, ఏదన్న అయితె నన్నే అడగుండ్రి అన్నారు. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. అవతలి అధికారి మంచిగానే మాట్లాడాడు గానీ, పొద్దున దాకా కాదన్నాడు.

కౌలు రైతు అంతా విన్నది. "రేపటి దాకా మొగులు ఆగుతదా సారూ?" అని అడిగింది.  ఆమె తన కుప్ప దగ్గరికి పోయి, కిరాయికి తెచ్చిన పరదాను లాగడం మొదలుపెట్టింది. దానికి ఎక్కడపడితే అక్కడ చిరుగులు. ఒక పక్క కప్పితే ఇంకో పక్క తేలుతోంది. గాలి లేచింది. పరదా అంచు ఆమె చేతిలోంచి ఊడి, ఆమె ముఖానికే కొట్టింది.

స్టోర్‌కీపర్ సారు నిలబడి చూస్తున్నారు. ఒక చేతిలో ఫోన్. ఇంకో చెయ్యి జేబులో, ఒలిచి మడిచిన ఆ ప్లాస్టిక్ పొర మీద. ఉన్నట్టుండి ఫోన్ నాకు ఇచ్చి, తన ఫోన్ తీసి మా అటెండర్‌కు కలిపారు. అటెండర్ మాతోపాటే ముసలివాడవుతున్న మనిషి. సారు మాట జవదాటడు. స్టోర్ గది లోపలికి మాత్రం సారు అతన్ని ఒంటరిగా ఎన్నడూ అడుగు పెట్టనివ్వలేదు.

"స్టోర్ల కొత్త పరదాలున్నయ్ గదా. అన్ని ట్రాలీ ఆటోల వేసి ఇటు పంపు. ఇప్పుడే."

మా స్టోర్‌లో కొత్త పరదాలు కట్టలు కట్టలుగా ఉండేవి. పెద్ద వాన వస్తే వాడదామని సారు ఉంచినవి. ఎన్నో పెద్ద వానలు వచ్చి పోయాయి.

అవతల నుంచి అటెండర్ గొంతు నాకూ వినపడింది. "ఇండెంట్ లేదు గద సార్. తాళం చెవి గుడ మీతాన్నే ఉండె."

సారు చెయ్యి బెల్టు మీది గుత్తి దగ్గరికి పోయింది. 

"తాళం పగలగొట్టు."

 అటు నుంచి భయం భయంగా ఒక ప్రశ్న. "సార్, మాట్లాడేది మీరేనా?"

"నేనే. సుత్తె తీస్కొని పగలగొట్టు. జల్ది."

ట్రాలీ వచ్చేలోపు మేం చేయగలిగింది చేశాం. ఉన్న సంచులు, చాపలు, బడి వరండాలో కట్టిన పాత బ్యానర్, ఏది దొరికితే అది కప్పాం. ట్రాలీ ఊరి మలుపు దగ్గర కనపడేసరికి మొదటి చినుకులు పడ్డాయి. కట్టలు కోసి పరదాలు విప్పితే కొత్త ప్లాస్టిక్ వాసన మైదానమంతా కమ్ముకుంది. మొదటిది కౌలు రైతు కుప్ప మీద పరిచాం. గాలికి అది ఆగలేదు. రాళ్లు వెతికే టైం లేదు. స్టోర్‌కీపర్ సారు ఇస్త్రీ చేసిన ప్యాంటుతోనే ఒక మూల మీద కూర్చుండిపోయారు. ఇంకో మూల మీద ఆమె కూర్చుంది, మూడో దాని మీద నేను. వాన దంచింది. మధ్యలో వడగళ్లు కూడా పడ్డాయి. సారు బట్టతల మీద ఒకటి పడి చిట్లింది. ఆయన లేవలేదు.

వాన వెలిశాక పరదా ఎత్తి చూశాం. ఆమె వంగి, కుప్ప లోపలికి మోచేయి దాకా చెయ్యి దోపి, పిడికెడు వడ్లు తీసి నోట్లో వేసుకుని కొరికింది. కటుక్కుమని, ఎండిన గింజ విరిగే చప్పుడు మాకు వినపడింది. అప్పుడు ఏడ్చింది. అంతసేపూ ఏడవని మనిషి. చివరన ఉన్న ఒక కుప్ప మాత్రం పరదా అందకముందే తడిసింది. ఆ రైతు మళ్లీ ఎండబెట్టుకోవలసి వచ్చింది. అన్నీ కాపాడామని చెప్పను.

మర్నాడు పొద్దున పై నుంచి ఒప్పుకోలు వచ్చింది. పగిలిన ఫోన్‌లోంచి మెసేజ్ పోయింది, కాంటా అయింది, ఆమె వడ్లు లారీ ఎక్కాయి. భూమి ఆమె దగ్గరే ఉంది.

బీరువాలోని మిగతా ఫోన్ల సీళ్లన్నీ ఆ వారమే సారు తన చేత్తో కోశారు. యాప్‌లకు పనికిరాకపోయినా మాట్లాడటానికి, టార్చికి పనికొస్తాయని అప్పటి అధికారి దగ్గర సంతకం తీసుకుని హమాలీలకు, వాచ్‌మెన్లకు పంచారు. కుర్చీల కవర్లు చింపమని ఆయన చెప్పలేదు గానీ, నేను చింపితే ఏమీ అనలేదు. మీరు ఫోన్ కొనేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. మీరు కొన్న తారీఖు కాదు, ఆ మోడల్ ఎప్పుడొచ్చింది, కంపెనీ ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తానంది అని అడగండి. ఇప్పుడు కొందరు మునుపటికన్నా ఎక్కువ కాలం ఇస్తున్నారు. అడిగేవాళ్లు ఉండబట్టే ఇస్తున్నారు. కొన్నాక మాత్రం దాచకండి.

కొనుగోళ్లు ముగిశాక కౌలు రైతు ఒకరోజు మెదక్ వచ్చింది. పరదా ఉతికి, ఆరబెట్టి, మడత పెట్టి, నెత్తిన పెట్టుకుని తెచ్చింది. ఒక చోట చిరిగితే గోనె సంచులు కుట్టే దారంతో కుట్టింది. అది చూపించి, "కొత్త దాన్ని ఖరాబ్ జేసిన సారూ, ఏమనుకోకుండ్రి" అంది.

సారు ఆ కుట్టు మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. నేనైతే తిడతారనే అనుకున్నాను.

"మంచిగ కుట్టినవ్ తల్లీ. నీతాన్నే ఉంచుకో, వచ్చే పంటకు పనికొస్తది. చీటీ నేను రాస్త" అన్నారు.

ఆమె పరదా మళ్లీ నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. సారు స్టోర్ గది వైపు నడిచారు. పగలగొట్టిన తాళం చోట కొత్తది వచ్చి అప్పటికి కొన్ని రోజులైంది. దానితో పాటు వచ్చిన రెండు చెవులూ ఆయన బెల్టుకే ఉన్నాయి. తలుపు దగ్గర ఆగి, గుత్తిలోంచి ఒక చెవి విప్పారు. గోళ్లతో ఆ రింగు తెరవడానికి ఆయనకు చాలాసేపే పట్టింది. తర్వాత అటెండర్‌ను పిలిచి, దాన్ని అతని చేతిలో పెట్టారు.